ఒట్టు వేయించుకోకండి

(డ్రగ్స్ నుంచి కోలుకుంటున్నవారి కోసం, వారి కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో, కోలుకుంటున్న ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ముందు వరుసలు ఖాళీగా ఉన్నాయి, అయినా అందరూ వెనకే సర్దుకున్నారు. నాకు అర్థమైంది లెండి. మేం కూడా ఇలాంటి మీటింగులకి వస్తే తలుపు పక్కనే కూర్చునేవాళ్లం, మధ్యలో లేచి పోవడానికి వీలుగా. అలాగే కానివ్వండి.

మీ అనుభవం చెప్పండి అని నన్ను పిలిచారు. చెప్తాను. కానీ ఇక్కడ సగం మంది అమ్మలు, నాన్నలు, అక్కచెల్లెళ్లు. చూస్తేనే తెలిసిపోతోంది. వాడినవాళ్లు నేల చూపులు చూస్తారు, ఇంట్లోవాళ్లు మాట్లాడేవాడి మొహంలోకి చూస్తారు. అందుకని ముందు ఇంట్లోవాళ్లకి ఒక మాట. మీవాడి చేత ఒట్టు వేయించుకోకండి. 'నా మీద ఒట్టు, ఇంక ముట్టుకోనని చెప్పు' అని అడగకండి. అమ్మా, మీరు అలా చూస్తున్నారు, ఎందుకు అంటున్నానో చెప్తాను.

నేను మా అమ్మ మీద ఒట్టు వేశాను. చచ్చిపోయిన మా నాన్న మీద వేశాను. వేసిన ప్రతిసారీ నిజంగానే వేశాను. ఇది ఎవరూ నమ్మరు. వాడు నాటకం ఆడాడు, డబ్బు కోసం ఏడ్చాడు అంటారు. కాదండీ. ఒట్టు వేసే సమయానికి నాకు నిజంగానే అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదు? అప్పటికి ఒంట్లో సరుకు ఉంది కనుక. మనం ఎప్పుడు ఒట్టు వేయించుకుంటాం? దొరికిపోయినప్పుడు. దొరికిపోయేది ఎప్పుడు? వాడినప్పుడు. అంటే కడుపు నిండిన మనిషి చేత ఉపవాసం ఉంటానని ఒట్టు వేయించుకుంటున్నాం. ఆకలేసే మనిషి ఆ గదిలో లేనే లేడు. అతను మర్నాడు వస్తాడు.

దీని మీద 2007లో ఒక అధ్యయనం వచ్చింది. జార్జ్ లోవెన్‌స్టైన్ అని ఒక ఆర్థికవేత్త, ఇంకొందరు కలిసి చేశారు. హెరాయిన్ మాని, దానికి బదులుగా డాక్టర్లు ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ అనే మందుతో చికిత్సలో ఉన్నవాళ్లని అడిగారు, ఐదు రోజుల తర్వాత మీకు ఒక అదనపు డోసు ఇస్తే దాని విలువ ఎంత కడతారు అని. ఆ రోజు మందు వేసుకోకముందు అడిగితే ఎక్కువ కట్టారు. వేసుకున్నాక అడిగితే తక్కువ కట్టారు. మనుషులంతా ఒకే రకం, మందు ఒకటే, వచ్చేది ఐదు రోజుల తర్వాతే. అయినా ఈ క్షణంలో ఒళ్లు ఎలా ఉందో దాన్ని బట్టే రేపటి లెక్క వేశారు. ఆ మందు వాళ్లకి కొత్తేం కాదు, దాని గురించి వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా అంతే. అలాంటప్పుడు ఒట్టు ఏపాటిది?

సరే, నా కథ. ఇందులో గొప్ప మలుపులేమీ లేవు. కాలు విరిగింది, ఆపరేషన్ అయింది, నొప్పికి మాత్రలు ఇచ్చారు. నల్లమందు జాతి మాత్రలు. ఆ మాత్ర కాలినొప్పినే తగ్గిస్తుందనుకున్నాను. అది తగ్గించినవి చాలా ఉన్నాయి. ఉద్యోగం టెన్షన్, ఇంట్లో గొడవలు, నాలుగు మాటలు మాట్లాడాలంటే వచ్చే వణుకు, అన్నీ ఒకేసారి దూరంగా జరిగాయి. 'కిక్కు' అంటారు కదా, నాకు కిక్కు కాదు, నిశ్శబ్దం వచ్చింది. కాలు బాగైంది. మాత్రలు ఆగలేదు. మాత్రలు దొరకడం కష్టమయ్యాక పొడి, అంటే హెరాయిన్, మొదలైంది. ఇంతే. ఎవరిచ్చారు, ఎక్కడ, ఎలా, అవన్నీ నేను చెప్పను. ఇక్కడ కొత్తగా మానినవాళ్లున్నారు, వాళ్లకి ఆ వివరాలు మంచివి కావు. ఎందుకు మంచివి కావో కూడా కాసేపట్లో చెప్తాను.

ఒక విషయం మాత్రం చెప్పాలి. చివరి రోజుల్లో నాకు అది ఇష్టం లేదు. ఇష్టం లేకుండానే కావాలనిపించేది. ఇది పిచ్చి మాటలా ఉంటుంది. ఇష్టం లేనిది ఎందుకు కావాలి? కెంట్ బెరిడ్జ్, టెరీ రాబిన్సన్ అని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు శాస్త్రవేత్తలున్నారు. 1993లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మెదడులో ఇష్టపడే పని ఒక దారిలో, కావాలనిపించే పని ఇంకో దారిలో జరుగుతుందని. డోపమైన్ అనే మాట మీరు వినే ఉంటారు, అందరూ అది ఆనందం ఇచ్చే రసాయనం అంటారు. వీళ్లేమో అది ఆనందం కంటే ఎక్కువగా 'కావాలి, కావాలి' అని తరిమేది అన్నారు. వాడేకొద్దీ ఆ తరుముడు పెరుగుతుంది, ఆనందం పెరగదు. ఇది చదివిన రోజు నాకు చాలా ఊరట కలిగింది. మా అమ్మ ఎప్పుడూ అడిగేది, 'అందులో ఏం సుఖం ఉందిరా నీకు' అని. ఏమీ లేదమ్మా అంటే నమ్మేది కాదు.

ఇప్పుడు విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మత్తు ఆగిపోయాక ఒళ్లు పడే యాతన. దీని గురించి సినిమాల్లో చూపించేది వేరు. హెరాయిన్ లాంటి వాటిలో ఆఖరి డోసు పడ్డాక ఎనిమిది, పన్నెండు గంటలు దాటితే మొదలవుతుంది. ముందు ఆవలింతలు. నిద్ర రాదు, ఆవలింతలు మాత్రం ఆగవు. కళ్లు కారతాయి, ముక్కు కారుతుంది. జలుబేమో అనుకుంటారు చూసినవాళ్లు. తర్వాత ఒళ్లంతా గగుర్పొడుస్తుంది, చలి, వెంటనే చెమట, మళ్లీ చలి. కడుపులో మెలితిప్పినట్టు, వాంతులు, విరేచనాలు. కాళ్లు వాటంతట అవే తన్నుకుంటాయి, పక్క మీద ఏ వైపు తిరిగినా కాలు పెట్టుకోవడానికి చోటుండదు. రెండో రోజు, మూడో రోజు పీక్. వారం, పది రోజులకి ఒళ్లు తేలికవుతుంది. ఆ మూడు రోజుల్లో మనిషి చచ్చిపోతాడేమో అనిపిస్తుంది. నిజానికి నల్లమందు జాతి వాటి విత్‌డ్రాయల్ దానంతట అది ప్రాణం తీయడం అరుదు, ఒంట్లో నీరు పోకుండా చూసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది రాసుకోండి. మద్యం, నిద్రమాత్రలు, ఆందోళనకి వాడే బెంజోడయాజెపైన్ మాత్రలు, వీటి సంగతి వేరు. బాగా అలవాటైన మనిషి వీటిని ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు. 'గదిలో పెట్టి తాళం వేశాం, మానిపించాం' అని గొప్పగా చెప్పేవాళ్లుంటారు. వినకండి. అది డాక్టర్ దగ్గరే జరగాలి.

సరే, ఆ పది రోజులు గడిచాయి. డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికి వచ్చాడు. బుగ్గలు నిండాయి, అన్నం తింటున్నాడు, నవ్వుతున్నాడు. ఇంట్లో పండగ. అయిపోయింది అనుకుంటాం. నేనంటాను, అసలు ప్రమాదం ఆ రోజునే మొదలవుతుంది. వినండి, ఈ ఒక్క ముక్క కోసమే నేను ఇవాళ వచ్చాను.

నాతో పాటు సెంటర్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. నా పక్క మంచం. మంచి పాటగాడు. నాకంటే ముందే డిశ్చార్జ్ అయ్యాడు. వాళ్ల నాన్న వచ్చి, అందరి ముందు ఒట్టు వేయించుకుని మరీ తీసుకెళ్లాడు. తర్వాత కబురు తెలిసింది. పాత స్నేహితుడెవరో కలిశాడు, ఒక్కసారి, పాత కొలతే తీసుకున్నాడు. బాత్రూమ్‌లో, తలుపు గడియ వేసుకుని. ఇంట్లో అందరూ ఉన్నారు. అందరూ ఉన్న ఇంట్లో పోయాడు.

ఎందుకు పోయాడు? పాత కొలతే కదా? రోజూ తట్టుకున్నదే కదా? అదే చెప్తున్నాను. వాడుతూ ఉంటే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, అంతంత తీసుకున్నా ఊపిరి ఆడుతుంది. కొన్ని వారాలు ఆపితే ఆ అలవాటు పోతుంది. మనసుకి పాత కొలత గుర్తుంటుంది, ఒంటికి గుర్తుండదు. ఊపిరి నడిపించే మెదడు భాగం ఆ దెబ్బకి పడుకుంటుంది. జైలు నుంచి విడుదలైనవాళ్లలో మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ చావులు అంత ఎక్కువగా ఉండేది ఇందుకే.

ఇంకో ముక్క కూడా ఉంది. కెనడాలో షెపర్డ్ సీగెల్ అని ఒక మనస్తత్వవేత్త 1982లో ఎలుకల మీద ప్రయోగం చేశాడు. ఎలుకలకి ఒకే రకం గదిలో హెరాయిన్ అలవాటు చేశారు. తర్వాత అన్నిటికీ ఒకే పెద్ద డోసు ఇచ్చారు, కొన్నిటికి అలవాటైన గదిలో, కొన్నిటికి కొత్త గదిలో. పాత గదిలో మూడింట ఒక వంతు చచ్చిపోయాయి. కొత్త గదిలో మూడింట రెండు వంతులు. డోసు ఒకటే! అంటే ఒళ్లు తట్టుకునే శక్తిలో ఆ గది కూడా ఉంది. ఆ గోడలు, ఆ వాసన కనపడగానే ఒళ్లు ముందే సిద్ధపడుతుంది. కొత్త చోట సిద్ధపడదు. మన కుర్రాడు ఎప్పుడూ స్నేహితుల మధ్య కూర్చుని తీసుకునేవాడు. ఆ రోజు ఇంట్లో దాక్కున్నాడు. ఎందుకు దాక్కున్నాడు? ఒట్టు వేశాడు కనుక.

ఆ నాన్నగారిని నేను తప్పు పట్టడం లేదు. ఆయన స్థానంలో ఎవరైనా అదే చేస్తారు. కానీ ఒట్టు తాగుడునో పొడినో ఆపదు, చెప్పడాన్ని ఆపుతుంది. జారినవాడు వచ్చి జారానని చెప్పలేడు. తలుపు గడియ వేసుకుంటాడు.

ఇందాక వివరాలు చెప్పనన్నాను కదా, దానికి కారణం ఇదే గది సంగతి. అమెరికాలో లెక్సింగ్టన్ అనే ఊళ్లో 1935లో ప్రభుత్వం ఒక ఆసుపత్రి పెట్టింది, వ్యసనాల కోసమే. అక్కడ ఏబ్రహం వీక్లర్ అనే డాక్టర్ ఒక వింత గమనించాడు. మానేసి నెలలు దాటిన రోగులు గుంపుగా కూర్చుని డ్రగ్స్ గురించి మాట్లాడుకుంటుంటే వాళ్లకి ఆవలింతలు వచ్చేవి, ముక్కు కారేది. ఒంట్లో చుక్క లేదు, ఉత్త మాటలకే విత్‌డ్రాయల్! ఇప్పుడు ఇక్కడ కూడా ఇద్దరు ముగ్గురు ఆవలిస్తున్నారు. అది నా ప్రసంగం వల్లే అనుకుంటాను, భయపడకండి.

నాకైతే మాత్రల స్ట్రిప్ చిట్లించే చప్పుడు. పక్కన ఎవరో తలనొప్పి మాత్ర తీసుకున్నా కడుపులో పట్టేసినట్టు ఉండేది. మరి ఇంటికి రాగానే ఏముంటుంది? అదే గది, అదే మెట్లు, ఫోన్‌లో అవే నంబర్లు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు చాలామంది హెరాయిన్‌కి అలవాటు పడ్డారు. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1971లో తిరిగొచ్చినవాళ్లని వెతికి వెతికి మాట్లాడింది. అక్కడ బానిసలయ్యామని చెప్పినవాళ్లు దాదాపు 20 శాతం. ఇంటికి వచ్చాక మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసలైనవాళ్లు సుమారు 5 శాతమే. ఆ రోజుల్లో చాలామంది నమ్మలేదు. వాళ్లు వాడిన చోటు సముద్రాలవతల ఉండిపోయింది. దీన్ని పట్టుకుని ఊరు మారిస్తే చాలు అనుకోకండి, వాళ్లలో చాలామంది యుద్ధానికి ముందు హెరాయిన్ ముట్టుకున్నవాళ్లు కారు, వాళ్లకి తిరిగి వెళ్లడానికి ఒక పాత జీవితం ఉంది. మనం వాడిన చోటికే తిరిగి వస్తాం. అందుకని ఊరు మార్చలేకపోయినా, గది మార్చండి. మంచం జరపండి. ఫోన్ నంబరు మార్చండి. నవ్వులాటగా ఉంటుంది, చెయ్యండి.

నేను కూడా బయటికొచ్చాక జారాను. జారినదాని కంటే ఆ తర్వాతి వారం ఘోరం. 'ఎలాగూ ఒట్టు తప్పాను, ఇంక ఎంతైతే ఏంటి' అనిపించింది. ఇది నా ఒక్కడి బుద్ధి అనుకునేవాణ్ణి. ఆలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త 1980ల్లోనే దీని గురించి రాశాడు. పూర్తి నిషేధం పెట్టుకున్నవాడు ఒక్కసారి తప్పితే, ఆ తప్పుని తన మొత్తం మనిషితనానికి అంటగట్టుకుని కట్టలు తెంచుకుంటాడని. ఒక్క జారుడుని పూర్తి పతనం చేసేది పొడి కాదు, ఆ సిగ్గు.

అప్పుడు మా అక్క వచ్చింది. అమ్మ పక్క గదిలో ఏడుస్తోంది. అక్క నా ఎదురుగా కూర్చుని, 'ఏ ఒట్టూ వద్దురా. వాడాలనిపిస్తే ఫోన్ చెయ్. వాడేసినా ఫోన్ చెయ్. తిట్టను. డబ్బు మాత్రం ఇవ్వను' అంది. అంతే. నాకు కోపం వచ్చింది. తిడితే బాగుండు, తిట్టు తిన్నాక లెక్క చెల్లిపోయినట్టు ఉంటుంది కదా. అక్క లెక్క చెల్లనివ్వలేదు. జీతం అక్క ఖాతాలో పడేలా చేశాం. అది అవమానంగా లేదా అని అడుగుతారు. ఉంది. అయినా రాత్రి రెండింటికి చేతిలో డబ్బు లేకపోవడం ఎంత మేలో నాకు తెలుసు.

అక్కే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టారు, నాలుక కింద పెట్టుకునే మాత్ర. 'ఒక మత్తుకి బదులు ఇంకో మత్తా?' ఇది నన్ను ఇంట్లోవాళ్లూ అడిగారు, మీటింగుల్లో మానేసిన మిత్రులూ అడిగారు. నువ్వు క్లీన్ కాదు అన్నారు కొందరు. ఈ మాట వల్ల ఎంతమంది మందు ఆపేసి మళ్లీ పడిపోయారో నేను కళ్లారా చూశాను, అందుకే నాకు దీని మీద కాస్త కోపం ఎక్కువ. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే ఇద్దరు డాక్టర్లు హెరాయిన్ బానిసలకి దాని బదులు మెథడోన్ అనే మందు ఇచ్చి చూశారు. అంతవరకూ రోజంతా సరుకు కోసమే బతికిన మనుషులు చదువుకీ పనికీ వెళ్లడం మొదలుపెట్టారు. బ్యూప్రెనార్ఫిన్ ఇంకా తర్వాత వచ్చింది. అది మెదడులో అదే చోట కూర్చుంటుంది, కానీ సగమే పని చేస్తుంది. ఒక స్థాయి దాటాక డోసు పెంచినా ప్రభావం అంతగా పెరగదు. ఆవలింతలు రావు, తరుముడు తగ్గుతుంది, తల మామూలుగా ఉంటుంది. నాకు మొదటిసారి రోజులో వేరే ఆలోచనలు వచ్చాయి. పేపర్ చదివాను. ఎన్నాళ్లు వాడాలి అంటే, అవసరమైనన్నాళ్లు. దాన్ని ఎప్పుడు తగ్గించాలో డాక్టర్‌తో మాట్లాడి చూసుకోవాలి, చుట్టాలతో కాదు.

మందు ఒక్కటే చాలదు. కోరిక వచ్చినప్పుడు ఏం చేయాలో నాకు కౌన్సిలర్ నేర్పింది. మార్లట్ చెప్పినదే. కోరిక అలలా లేస్తుంది, పైకెళ్తుంది, దిగిపోతుంది. దానితో కుస్తీ పట్టకు, ఒంట్లో ఎక్కడ పట్టిందో చూస్తూ కూర్చో అంది. నమ్మలేదు. గడియారం పెట్టుకుని చూశాను. అరగంట లోపే తగ్గింది. అది పోదని, తీర్చేదాకా పెరుగుతూనే ఉంటుందని అన్నేళ్లూ అనుకున్నాను, ఎందుకంటే దిగేదాకా ఎప్పుడూ ఆగి చూడలేదు.

అలల కంటే కష్టమైనది ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఏమీ తోచకపోవడం. నెలల తరబడి దేనిలోనూ రుచి ఉండదు. పాట విన్నా, పిల్లలు ఆడుకుంటున్నా గాజు పలకకి అవతల జరుగుతున్నట్టు ఉంటుంది. నిద్ర ముక్కలు ముక్కలు. ఇంట్లోవాళ్లేమో 'మానేశావు కదా, ఇంకా మొహం అలా పెట్టావేం' అంటారు. ఓపిక పట్టండి. మెదడు మెల్లగా సర్దుకుంటుంది. ఆ రోజుల్లో వాడికి సంతోషం అక్కర్లేదు, ఒక పని కావాలి, పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు కావాలి.

ఎవరో చీటీ పంపారు. చదువుతాను. 'మా తమ్ముడు వచ్చే వారం సెంటర్ నుంచి వస్తున్నాడు. మేం ఏం చేయాలి?' పేరు రాయలేదు, మంచి పని చేశారు.

ఒట్టు సంగతి చెప్పాను. ముందు డాక్టర్‌తో మాట్లాడండి, బయటికి వచ్చే రోజుకే మందు మొదలై ఉండేలా చూడండి. ఒంటరిగా ఎక్కువసేపు వదలకండి, అలాగని జైలు కాపలా కాయకండి. బాత్రూమ్ గడియ బయటినుంచి తెరిచే వీలుంటే మంచిది. నాలోక్సోన్ అనే మందు గురించి డాక్టర్‌ని అడగండి, ముక్కులో కొట్టే స్ప్రేగా కూడా వస్తుంది. హెరాయిన్ లాంటి వాటి వల్ల ఊపిరి ఆగిపోతున్న మనిషిని కొన్ని నిమిషాల్లో లేపుతుంది. పెదాలు నీలంగా మారినా, గురక వింతగా ఉన్నా, పిలిస్తే పలక్కపోయినా నిద్రపోతున్నాడులే అని వదిలేయకండి. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, స్ప్రే కొట్టండి, ఊపిరి అందించండి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఆ మందు 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది, ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉంటే మళ్లీ ఊపిరి ఆగవచ్చు. తమ్ముడికి కూడా ఇదంతా ముందే చెప్పండి, పాత కొలత ఇప్పుడు చంపేస్తుందని నోరు తెరిచి చెప్పండి. చెప్తే గుర్తు చేసినట్టు అవుతుందేమో అని భయపడకండి. వాడికి గుర్తు లేక కాదు.

ఇంకో రెండు చీటీలున్నాయి, కానీ టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. నేను కింద ఆ టేబుల్ దగ్గరే ఉంటాను. చీటీ రాసిన అక్క ఎవరో, వెళ్లే ముందు ఒకసారి రండి, మీ డాక్టర్‌ని అడగాల్సినవి కాగితం మీద రాసిస్తాను.